పక్క గదిలో కూర్చున్నవాడు

ఆయన పోయిన సంగతి మా ప్లాంటు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చింది. కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. ఒకరు ఓం శాంతి అన్నారు. ఒకరు ఆయన ఆత్మను ప్రభువుకు అప్పగించారు. పాకిస్తానీ ఫోర్‌మన్ తన పద్ధతిలో అరబ్బీ వాక్యం ఒకటి పెట్టాడు. అవన్నీ చదువుతుంటే నాకు మొదట తోచింది ఒకటే. ఆయన బతికుంటే పక్క గదిలోకి వెళ్ళి, వీటన్నిటినీ ఒక్కొక్కటిగా చెరిపేసి, చేతులు తుడుచుకుని బయటికి వచ్చేవాడు.

చెరపడం ఆయన వంశంలో ఒక పని. మన దగ్గర పౌరోహిత్యం, కరణీకం ఉన్నట్టే. ఆ పని గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. కానీ అంతకన్నా ముందు మనిషి ఎలా ఉండేవాడో చెప్పాలి.

దోహాకు దగ్గర్లో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటులో నేను మెకానికల్ ఇంజనీరుని. మా పెద్ద పంపులు జపాన్ నుంచి వచ్చాయి. వాటితోపాటు ఆయనా వచ్చాడు. పంపుల గ్యారంటీ తీరిపోయింది, ఆయన మాత్రం ఉండిపోయాడు. నేను చేరేనాటికే డెబ్బైకి దగ్గర్లో ఉన్నాడు. పొట్టి మనిషి. ఎండాకాలంలో కూడా చొక్కా చేతుల గుండీలు పెట్టుకునేవాడు. భుజాన ఎప్పుడూ ఒక సన్నటి ఇనుప కడ్డీ ఉండేది. దాని ఒక కొనను పంపు బేరింగు మీద ఆనించి, రెండో కొనను చెవి వెనక ఎముకకు తాకించి, కళ్ళు మూసుకుని వినేవాడు. మా దగ్గర కంపనాలు కొలిచే మంచి యంత్రాలున్నాయి. వాటిని ఆయన తీసెయ్యమనలేదు, చూడనూ లేదు.

కొత్తగా చేరిన కుర్ర ఇంజనీర్లకు ఆ కడ్డీ పట్టుకోవడం నేర్పేటప్పుడు వాళ్ళ చెవి వెనక వేలితో ఒక చోట నొక్కేవాడు.

"ఇక్కడ పెట్టాలి. ఇక్కడ ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది. మా దేశంలో క్రైస్తవులను గోతిలో తలకిందులుగా వేలాడదీసినప్పుడు ఇక్కడే గాటు పెట్టేవాళ్ళు."

"ఎందుకు సార్?" అని అడిగేవాడు కుర్రవాడు, అడగక తప్పక.

"రక్తం తలలోకి దిగితే త్వరగా చచ్చిపోతారు. గాటు పెడితే బొట్టుబొట్టుగా కారిపోతుంది. అప్పుడు చాలాసేపు బతుకుతారు. ఇప్పుడు విను. ఏం వినిపిస్తోంది?"

ఆ తరవాత ఆ కుర్రవాడికి ఏమీ వినిపించేది కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకబ్బాయి బేరింగు బాగానే ఉందని ధైర్యంగా చెప్పాడు ఒకసారి. ఆయన పదిమంది ఎదుటే, "నీ చెవులు కళ్ళద్దాలు తగిలించుకోవడానికి పనికొస్తాయి, అంతే" అన్నాడు. బేరింగు విప్పితే పాడై ఉంది. ఆ అబ్బాయి ఆ ఏడాదే వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆయన చాలాసార్లు నిజమే చెప్పేవాడు. అది ఎదుటివాళ్ళకు ఎలా తగులుతుందో చూసుకునేవాడు కాదు. లేదా, చూసుకునే చెప్పేవాడు.

మా ఫిట్టర్ గంగాధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ఆయనంటే భయం లేనివాడు వాడొక్కడే. దూరం నుంచి చూసి నాతో అనేవాడు:

"ముసలాయన మళ్ల పంపుకు మంత్రమేస్తుండు సార్. ఇగ సూడున్రి, అది ఇయ్యాల ఆగుడే."

వాడు వేళాకోళానికే అన్నా, ఆయన నిజంగానే పెదవులు కదిపేవాడు. నేను గమనించాను. పంపు ముందు కాదు. మీటింగుల తరవాత. రంజాన్ మాసంలో కంపెనీ ఇచ్చే ఇఫ్తార్ విందులో పెద్దాయన ఎవరో దువా చదివిన తరవాత. ఫిలిప్పీన్స్ వాళ్ళు క్రిస్మస్ కేకు కోసే ముందు ప్రార్థన చేసిన తరవాత. లేచి పక్క గదిలోకో, వరండాలోకో వెళ్ళేవాడు. గోడవైపు తిరిగి కాసేపు నిలబడేవాడు. తిరిగి వచ్చి తినేవాడు.

నాతో ఆయనకు పరిచయం పెరిగింది నా గొణుగుడు వల్ల. పెద్ద పంపు మొదలుపెట్టేటప్పుడు ఒత్తిడి నిలబడేదాకా నిలబడి చూడాలి. ఆ సమయంలో సంధ్యలో మంత్రాలు లోపల్లోపల చెప్పుకోవడం నాకు అలవాటు. వడుగు అయినప్పుడు నాన్నగారు నేర్పినవి. ఒకరోజు తలెత్తితే ఆయన నా నోటివైపు చూస్తున్నాడు.

"ఏమిటది?"

"ప్రార్థన."

"అర్థం తెలుసా?"

"కొంత తెలుసు. చాలావరకు తెలియదు."

"తప్పు పోతే?"

"చిన్నప్పుడైతే నాన్నగారు మళ్ళీ మొదటి నుంచి చెప్పించేవారు."

"కొట్టేవాడా?"

"అప్పుడప్పుడు."

పనికొచ్చే విడిభాగం దొరికినట్టు చూశాడు. "శుక్రవారం మా ఇంటికి రా" అన్నాడు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఆయన ఇంగ్లీషులో దయచేసి అనే మాట ఉండేది కాదు.

ఆయనది దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో పాత బిల్డింగు, మూడో అంతస్తు. ముందు గదిలో మంచం, గోడల మీద ఏమీ లేవు. నన్ను ముందు గదిలో కూర్చోనివ్వలేదు. వంటింట్లోకి తీసుకెళ్ళి బియ్యం డబ్బా పక్కన నేల మీద కూర్చోమన్నాడు. తనూ కూర్చున్నాడు. అక్కడే చెప్పాడు, ఆ ఒక్క మధ్యాహ్నంలోనే, దాదాపు అంతా.

వాళ్ళది జపాన్‌కు పడమటి కొసన ఒక చిన్న దీవి. పోర్చుగల్ పాదిరీలు వచ్చినప్పుడు ఊరంతా క్రైస్తవంలో కలిసింది. తరవాత ప్రభుత్వం ఆ మతాన్ని నిషేధించింది. పాదిరీలను చంపారు, తరిమారు. ఊళ్ళవాళ్ళను వేడినీటి బుగ్గల్లో ముంచారు, గోతుల్లో వేలాడదీశారు. ప్రతి ఇల్లూ ఏదో ఒక బౌద్ధ గుడి లెక్కలో ఉండాలని చట్టం పెట్టారు. ఏటా కొత్త సంవత్సరంలో అధికారులు ఇంటింటినీ పిలిచి, క్రీస్తు బొమ్మో మరియమ్మ బొమ్మో ఉన్న పలకను నేల మీద పెట్టి, దాన్ని తొక్కమనేవాళ్ళు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, అందరూ. చంటిపిల్ల పాదాన్ని తల్లి పట్టుకుని ఆనించాలి.

"మీవాళ్ళు తొక్కారా?" అని అడిగాను.

"తొక్కారు. ఏటా తొక్కారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని ఆ నీళ్ళు తాగేవారని మా తాత అనేవాడు. రాత్రికి క్షమించమని ప్రార్థన. మళ్ళీ ఏడు మళ్ళీ తొక్కుడు."

"తొక్కనివాళ్ళు లేరా?"

"ఉన్నారు. వాళ్ళకు మనవలు లేరు." టీ తాగాడు. "ఇప్పుడు ఆ దీవిలో ఉన్నవాళ్ళందరూ తొక్కినవాళ్ళ మనవలే. నాతో సహా. వీరుల మనవణ్ణని ఎవడైనా చెబితే నమ్మకు."

ఇంట్లో ఎవరైనా పోతే గుడి నుంచి బౌద్ధ పురోహితుడు వచ్చి సూత్రాలు చదవాలి, అది చట్టం. చదివించుకోకపోతే పట్టుబడతారు. చదివించుకుంటే పోయినవాడి ఆత్మ ఆ సూత్రం దారిలో వెళ్ళిపోతుందని వీళ్ళ భయం. అందుకని ముందు గదిలో పురోహితుడు చదువుతుంటే, వెనక గదిలో, వంటింట్లో, బియ్యం డబ్బా పక్కన ఒక మనిషి కూర్చుని వేరే ప్రార్థన చదివేవాడు. గొంతు పైకి రాకూడదు. పురోహితుడి గంట ఆగేలోపు పూర్తి కావాలి. ఆ ప్రార్థన పోయినవాణ్ణి కాపాడదు, స్వర్గం అడగదు. ముందు గదిలో చదివినదాన్ని చెరుపుతుంది, అంతే. ఆయన వంశానిది ఆ వెనక గది పని.

"అందులో మాటలు ఏ భాషవి?"

"మొదట లాటిన్, పోర్చుగీసు. రెండొందల ఏళ్ళకు పైగా ఎవరికీ అర్థం తెలియకుండా నోటి నుంచి నోటికి వచ్చాయి. ఇప్పుడు ఏ భాషవీ కావు. మధ్యలో ఒక చోట చేపల వల లాగేటప్పుడు పాడే పాట ముక్క ఉంది. ఎవడో మా ముత్తాత తాత అక్కడ దారి తప్పి ఉంటాడు. తరవాతివాళ్ళు దాన్నీ వల్లించారు. తీసే ధైర్యం ఎవరికి ఉంటుంది?"

వాళ్ళ నాన్న ఆ పని వద్దన్నాడు. దాచుకునే కాలం పోయిందని, మామూలుగా బతుకుదామని, గుడికే వెళ్ళాడు. తాత మనవణ్ణి పట్టుకున్నాడు. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలంలోనే ఆ ప్రార్థన నేర్పాలి, మిగతా రోజుల్లో చెరపడానికి తప్ప నోట రాకూడదు. చలికాలం చివర, నిప్పు లేని గదిలో, వెదురు బద్దతో. తప్పు పోయిన ప్రతిసారీ మోకాలి మీద ఒక దెబ్బ, మళ్ళీ మొదటి నుంచి.

తాత పోయినప్పుడు ఈయనకు పెళ్ళి వయసు. ముందు గదిలో పురోహితుడు చదువుతున్నాడు. ఈయన వంటింట్లో బియ్యం డబ్బా పక్కన గొంతుక్కూర్చుని మొదలుపెట్టాడు. సగంలో తమ్ముడు తలుపు పక్కకు జరిపేశాడు. ముందు గదిలో ఉన్న చుట్టాలందరికీ కనిపించింది. సూటు వేసుకున్న ఇంజనీరు నేల మీద ముడుచుకుని గోడతో గొణుగుతున్నాడు. తమ్ముడు, "చూడండి, మా ఇంట్లో ఇంకా ఎలకలున్నాయి" అన్నాడు. అందరూ నవ్వారు. పురోహితుడు కూడా నవ్వాపుకుని చదవడం పూర్తి చేశాడు. కుదుర్చుకున్న సంబంధం వాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ పెళ్ళి జరగలేదు.

"ఆ ప్రార్థన పూర్తి చేశారా?"

"లేదు. మా తాత బౌద్ధుడిగా వెళ్ళిపోయాడు."

ఆ తరవాత ఆయన ఎవరి మంత్రాన్నీ, ఎవరి ప్రార్థననూ వదల్లేదు. ఆ ఒక్కటి చెరపలేకపోయాడు కాబట్టి కనబడ్డవన్నీ చెరుపుతున్నాడని నేను అనుకున్నాను. అలా అని పైకి అనలేదు. అని ఉంటే మోకాలి మీద ఒకటి పడేది.

"నేను పోతే మా తమ్ముడి కొడుకు పురోహితుణ్ణి పెట్టిస్తాడు," అన్నాడు. "వెనక గదిలో కూర్చునేవాడు ఒకడు కావాలి. నువ్వు అర్థం లేకుండా వల్లించగలవు. నీకు నేర్పుతాను."

"మీకు నమ్మకం ఉందా?"

"లేదు. నమ్మకం మా తాతది. పని నాది."

ఒప్పుకున్నాను. ఎందుకో చెప్పలేను. ఆయన అడగలేదు కాబట్టి కాదనే అవకాశం రాలేదు. ఆ ఏడాది ఉపవాస కాలంలో ప్రతి శుక్రవారం వెళ్ళాను. కాగితం మీద రాసుకోనివ్వలేదు. ఫోన్‌ను ముందు గదిలో పెట్టి రమ్మనేవాడు. రాసుకున్నవాళ్ళే ముందు పట్టుబడ్డారని ఆయన వాదన. అర్థం అడిగితే, "అర్థం అడిగినవాళ్ళు చర్చికి వెళ్ళారు, తిరిగి రాలేదు" అనేవాడు. చేతిలో స్టీలు స్కేలు. నలభై దాటిన నా మోకాలి మీద దాంతో నిజంగానే కొట్టేవాడు. తప్పు ఎక్కడ పోయిందో చెప్పేవాడు కాదు. "మొదటి నుంచి" అనేవాడు.

చర్చి అంటే గుర్తొచ్చింది. ఊరి బయట చర్చిలన్నీ ఒకే ప్రహరీలో ఉన్న చోటికి ఒకసారి నన్ను కారులో తీసుకెళ్ళమన్నాడు. ఎందుకో చెప్పలేదు. అక్కడ ఒక పాదిరీ, మంచి మనిషి, మలయాళీ, కూర్చోబెట్టి ఈయన కథా, ప్రార్థనలో కొన్ని మాటలూ విన్నాడు. పాదిరీ కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఇంత కష్టంలో నిలబెట్టుకున్నారు, గొప్ప విషయం అన్నాడు. ఆ మీదట, మెల్లిగా, ఈ మాటలు చాలా చెదిరిపోయాయి, సరైన ప్రార్థన మీ భాషలోనే దొరుకుతుంది, తెప్పించి ఇస్తాను అన్నాడు.

ఈయన నవ్వాడు. నేను చూసిన కొద్ది నవ్వుల్లో అది ఒకటి. "దేశం తలుపులు తెరిచాక మీ పాదిరీలు తిరిగి వచ్చి మా తాత చెల్లెలికీ ఇదే మాట చెప్పారు. ఆమె వెళ్ళింది. ఆ రోజు నుంచి చచ్చేదాకా మా తాత ఆమె ఇంట్లో మంచినీళ్ళు తాగలేదు. మేం తప్పుగా చదివాం నిజమే. తప్పుగా చదివినందుకే ఇంకా ఉన్నాం."

పాదిరీ తల వంచుకుని, ఈయన భుజం మీద చేయి పెట్టి దీవించాడు. కారెక్కగానే ఈయన అద్దం వైపు తిరిగి పెదవులు కదిపాడు. ఆ దీవెన పార్కింగులోనే పోయింది.

ఇక మా ఇంటి సంగతి. మేం కూడా దోహాలోనే, అల్ హిలాల్‌లో ఉంటాం. మా అత్తగారికి రాజమండ్రిలో గుండె ఆపరేషను నిశ్చయమైంది. సెలవు దొరక్క మా ఆవిడ వెళ్ళలేకపోయింది. ఇక్కడే సత్యనారాయణ వ్రతం చేయించింది. తెలిసినవాళ్ళను పిలిచాం, ఆయన్నీ పిలిచాను. చాప మీద వెనకగా కూర్చున్నాడు. కథ సగంలో ఉండగా లేచి వంటింట్లోకి వెళ్ళాడు. మంచినీళ్ళకేమో అనుకుని మా ఆవిడ వెనకాలే వెళ్ళింది. ఆయన మా బియ్యం డబ్బా పక్కన నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటున్నాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చింది. వెళ్ళేటప్పుడు ఆయనకు రెండు పొట్లాల ప్రసాదం ఇచ్చింది. "పాపం, ఆయన పద్ధతిలో ఆయన మా అమ్మ కోసం దండం పెట్టుకున్నాడండీ" అంది నాతో. నాకు తెలుసు. నేను చాప చుట్టడం మొదలుపెట్టాను.

ఆపరేషను తరవాత కొద్దిరోజులకే అత్తగారు పోయారు. మా ఆవిడ వెళ్ళి కార్యక్రమాలు చేసుకుని వచ్చింది. ఆయన పలకరించడానికి వచ్చాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని సోఫా అంచున కూర్చున్నాడు. మా ఆవిడ టీ ఇచ్చి, ఇంగ్లీషులో, కష్టం మీద, "మీరు కూడా ఆ రోజు మా అమ్మ కోసం ప్రార్థించారు. మర్చిపోను" అంది.

ఊరుకుంటే సరిపోయేది. తలూపితే చాలు.

"లేదు," అన్నాడు. "మీ పూజను చెరిపాను."

ఆమెకు అర్థం కాలేదు. నావైపు చూసింది. ఆయనే విడమరిచి చెప్పాడు, బేరింగు ఎందుకు పాడైందో చెప్పే గొంతుతో. ఎవరి మంత్రమైనా చెవిన పడితే వదల్లేనని, అది మీ మీద కోపం కాదని. చివర ఇలా అన్నాడు:

"మీ దేవుడు ఉన్నాడనుకోండి, నా నాలుగు ముక్కలు ఆయన్ని ఏం చేస్తాయి? నా నాలుగు ముక్కలకే చెరిగిపోయేవాడైతే, ఆయనకు ప్రసాదం ఎందుకు పెట్టారు?"

మా ఆవిడ ఆయన చేతిలోంచి కప్పు తీసుకుంది. లోపలికి వెళ్ళి టీ సింకులో పారబోసిన చప్పుడు వినిపించింది. వంటింట్లోంచే అంది, తెలుగులో: "ఏవండీ, ఆయన్ని ఇంటి దగ్గర దింపేసి రండి. మళ్ళీ ఈ గడప తొక్కనివ్వకండి."

కారులో నేను అన్నాను, "ఒక్క అబద్ధం చెప్పాల్సింది."

"మావాళ్ళు రెండొందల ఏళ్ళు చెప్పారు," అన్నాడు. "నా వంతు అబద్ధం మిగల్లేదు."

ఆ తరవాత ఆ ఏడంతా నేను ఆయన వంటింటికి వెళ్ళలేదు. ప్లాంటులో పని వరకే మాట. మరుసటి ఏడు ఉపవాస కాలం వచ్చింది. నాకే తెలియకుండా స్నానం చేస్తూ, కారు నడుపుతూ ఆ ప్రార్థనలో సగం నోట్లో తిరుగుతుండేది. కంఠస్థం చేసింది సగంలో ఆగితే ఎంత ఇబ్బందో అలా నేర్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఒక శుక్రవారం వెళ్ళాను. తలుపు తీసి, ఏమీ అనకుండా, వంటింటివైపు చేయి చూపించాడు. స్కేలు అక్కడే ఉంది. మా ఆవిడకు తెలిసింది. "అమ్మ పూజ చెరిపినవాడి కోసం మీరు చదువుతారా?" అంది. కారు తాళం చెవి తీసుకున్నాను. తను రెండోసారి అడగలేదు. శుక్రవారాలు నాకు అన్నం వడ్డించి తను లోపలికి వెళ్ళిపోయేది.

ఆ వేసవిలో ఆయనకు కడుపులో పుండు ముదిరిందని తేలింది. జపాన్ వెళ్ళమని కంపెనీ చెప్పింది. వెళ్ళనన్నాడు. ఆసుపత్రిలో చివరిసారి కలిసినప్పుడు ఉపవాస కాలం కాకపోయినా చదవమన్నాడు. నర్సు బయటికి వెళ్ళాక తలుపు వేసి మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఎక్కడా ఆపలేదు. బాగుందంటాడేమోనని చూశాను.

"ఆ మలుపు దగ్గర నీ ఊరు వినిపిస్తోంది," అన్నాడు.

ఏ మలుపో నాకు తెలుసు. ఒక చోట గొంతు మూడు మెట్లు దిగి ఆగుతుంది. మా సంధ్యలోనూ సరిగ్గా అలాంటి దిగుడు ఒకటి ఉంది.

"అక్కడ జారితే?"

"మొదటి నుంచి."

"టైము లేకపోతే?"

"నేను బౌద్ధుడిగా పోతాను. మా తాత పోయినట్టు." తలుపువైపు చూశాడు. "మా తమ్ముడి కొడుకు నిన్ను అడుగుతాడు. వాళ్ళ నాన్న చెప్పే ఉంటాడు. ఏమీ తెలియదని చెప్పు. తొక్కెయ్యి. తరవాత వంటింట్లోకి వెళ్ళు."

తన వంతు అబద్ధం మిగల్లేదన్న మనిషి, నా వంతుకు ఒకటి చూసిపెట్టాడు.

ఆయన పోయాక తమ్ముడి కొడుకు వచ్చాడు. నలభై లోపు ఉంటాడు, మర్యాదస్తుడు, ప్రతి మాటకూ నడుము వంచేవాడు. శవపేటికను విమానం ఎక్కించే ముందు మా మీటింగు గదిలో చిన్న కార్యక్రమం పెట్టించాడు. ఆయన ఫోటో, తెల్లపూలు, గోడ మీద పెద్ద తెర. వాళ్ళ ఊరి గుడి నుంచి పురోహితుడు వీడియోలో సూత్రం చదువుతాడు. మొదలయ్యే ముందు నన్ను పక్కకు పిలిచాడు.

"పెదనాన్న మీకు ఏదో నేర్పారని విన్నాను. పాత ప్రార్థన."

"నాకేమీ తెలియదు," అన్నాను.

నా ముఖంవైపు కాదు, నా కాళ్ళవైపు చూశాడు. లేదా నాకు అలా అనిపించింది. "చాలా మంచిది," అన్నాడు. "మా ఇంట్లో అది అయిపోయింది. ఆయన మామూలుగా వెళ్ళాలి. దయచేసి."

తెర మీద గంట మోగింది. నేను లేచి పక్కనే ఉన్న ప్యాంట్రీలోకి వెళ్ళాను. అక్కడ గంగాధర్ టీ కప్పులు సర్దుతున్నాడు. నేల మీద కూర్చుంటుంటే వింతగా చూశాడు.

"ఏంది సార్, పానం బాగలేదా?"

"ముసలాయన కోసం ఒకటి చదవాలి గంగాధర్. ఎవర్నీ రానివ్వకు."

"ముష్కిల్ మాఫీ, ఏం ఫికర్ లేదు. మీరు సదువున్రి, నేను దర్వాజ కాడ ఉంట." తలుపు దగ్గరికి వేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "ఉన్నన్ని దినాలు అందర్ని తిట్టిండు, మొండోడు. పోయినంక గూడ మనకే పని."

బియ్యం డబ్బా లేదు. చక్కెర డబ్బా పక్కన కూర్చున్నాను. మొదలుపెట్టాను. గోడ అవతల పురోహితుడి గొంతు స్పీకరులోంచి గుయ్యిమంటూ వస్తోంది. నాది పైకి రాలేదు. వల లాగేటప్పటి పాట ముక్క దాటాను. ఎక్కడా తడబడలేదు, ఆసుపత్రిలో కంటే బాగా వస్తోంది. మలుపు వచ్చింది. గొంతు మూడు మెట్లు దిగి ఆగింది. ఊపిరి తీసుకుని కొనసాగించాను. హాయిగా, ధారగా వస్తోంది, చివరిదాకా ఆపకుండా చదివాను. చదివి కుడి అరచేతిలోకి నీళ్ళ కోసం పక్కకు చేయి చాపాను.

చేయి చాపినప్పుడు తెలిసింది. ఆయన ప్రార్థన చివర నీళ్ళు లేవు. మలుపు దగ్గర నుంచి నేను చదివింది మా నాన్నగారు నేర్పిన సంధ్య.

మొదటి నుంచి మొదలుపెట్టాను. నాలుగు మాటలు అయ్యాయో లేదో, గోడ అవతల గంట మోగింది. సూత్రం ఆగిపోయింది. కుర్చీలు జరిగిన చప్పుడు.

"అయిందా సార్?" అన్నాడు గంగాధర్.

"అయింది."

బయట ఆ అబ్బాయి అందరికీ నడుము వంచి కృతజ్ఞతలు చెబుతున్నాడు. నా దగ్గరికి వచ్చి ఇంకాస్త ఎక్కువ వంగాడు. "అంతా సరిగ్గా జరిగింది," అన్నాడు. "మా నాన్న సంతోషిస్తారు."

ఇంటికి వచ్చి మా ఆవిడకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె బెండకాయలు తరుగుతోంది. అంతా వింది. చాకు ఆపలేదు.

"మా అమ్మ పూజ ఆయన చెరిపాడు," అంది. "ఆయన ప్రార్థన మీ సంధ్య చెరిపింది. మీరు భోజనానికి కూర్చోండి."

ఆ రాత్రి చాలా రోజుల తరవాత నాతో కలిసి తింది.

ఇప్పుడు నేను పొద్దున్న సంధ్య వారుస్తున్నప్పుడు ఆ దిగుడు దగ్గరికి వచ్చేసరికి ఇంకొకటి జరుగుతోంది. నాన్నగారి మంత్రం ఆగి, ఏ భాషా కాని ఆ మాటలు వస్తున్నాయి, ఎక్కడా తప్పు లేకుండా, చివరిదాకా. ఆ రోజు ప్యాంట్రీలో రాని ముక్క ఇదే. పూర్తయ్యాక మోకాలి మీద స్కేలు పడుతుందేమోనని కాసేపు చూసి, సంధ్యను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను.